గంపకు పెట్టిన బొట్టు

పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, కోవిడ్ సద్దుమణిగిన రెండో ఏడు మాఘమాసంలో, నన్ను జువ్వలదిన్నె పక్కనున్న ఒక మత్స్యకార గ్రామంలో జరిగే డిజైన్ పోటీకి నియమాధికారిగా వేశారు. అప్పటికి నేను ఒక ప్రభుత్వ డిజైన్ కేంద్రంలో సీనియర్ డిజైనర్‌ని. హోదా వినడానికి బాగానే ఉంటుంది కానీ, నాపైన ఇద్దరు డిప్యూటీ డైరెక్టర్లు, వాళ్లపైన ఒక డైరెక్టరు ఉండేవారు. ఎవరికీ ఇష్టంలేని పనులు మెట్టు మెట్టూ దిగివచ్చి నా బల్ల దగ్గర ఆగేవి. నియమాధికారి పని అలాంటిదే. బహుమతి ఇచ్చేవాడి చుట్టూ అందరూ తిరుగుతారు. నియమం చెప్పేవాడు ఎదురైతే పక్కసందులోకి తప్పుకుంటారు.

ఈ పోటీల సంగతి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. కంప్యూటర్ చదువుల పిల్లలు రెండు మూడు రోజులు ఒకచోట కూర్చుని, తిండీ నిద్రా అక్కడే కానిచ్చి, ఒక సమస్యకు ప్రోగ్రాం రాసి చూపించే పోటీని హ్యాకథాన్ అంటారు. ఆ ఒరవడిలోనే డిజైనర్లూ మొదలుపెట్టారు. తేడా ఏమిటంటే, మా దగ్గర తెర మీద బొమ్మ చూపించి చప్పట్లు కొట్టించుకుంటే చెల్లదు. చేత్తో పట్టుకుని వాడగలిగే వస్తువు తయారుచేసి ముందు పెట్టాలి. పోటీదారులకు ఇచ్చే సమస్యను మేము బ్రీఫ్ అంటాం. అది ఒక్క వాక్యం దాటకూడదని మా డైరెక్టరుగారి పట్టుదల. ఆ ఏడాది ఇచ్చిన వాక్యం ఇది: రేవులో చేపలు కొని ఊళ్లమీద అమ్ముకునే ఆడవాళ్ల కోసం, చేపనీళ్లు కారని, ఇంకొకరి సాయం లేకుండా తలకెత్తుకోగల గంపను తయారుచేయండి.

నెల్లూరు తీరంలో తిరిగినవాళ్లకు ఇందులో కష్టం వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు వెదురు గంపలు తగ్గిపోయి అల్యూమినియం తట్టలూ, ప్లాస్టిక్ టబ్బులూ, థర్మాకోల్ పెట్టెలూ వచ్చాయి. ఐసు కరిగి, ఆ నీళ్లు షేర్ ఆటోలో పక్కవాళ్ల బట్టల మీద కారతాయి. ఆటోవాడు విసుక్కుంటాడు, బస్సు కండక్టరు అసలు ఎక్కనివ్వడు. పైగా ఆ బరువు తలకెత్తాలంటే మరో మనిషి చెయ్యి వేయాలి. నడి ఎండలో ఊరి మధ్య దించి అమ్మాక మళ్లీ ఎత్తేవాళ్ల కోసం దారినపోయేవాళ్లను బతిమాలుకోవాలి. ఈ పనిలో నలభై ఏళ్లు గడిపిన ఆడవాళ్లకు మెడ ఎముకలు అరిగిపోయి ఉంటాయని అక్కడి నర్సమ్మ చెప్పింది.

ఆరు జట్లను ఎంపిక చేశాం. పోటీ మూడు రోజులు, ఊళ్లోని తుపాను షెల్టర్లో. మొదటి రోజు పోటీదారులు చేపలమ్మే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడాలి, రెండో రోజు వస్తువు తయారుచేయాలి, మూడో రోజు పొద్దున ఆ ఆడవాళ్లే వాటిని ఎత్తి, నడిచి, పరీక్షించాలి. ఆ తర్వాత జ్యూరీ వస్తుంది. జ్యూరీలో ముగ్గురు. వాళ్లను కావలిలో అతిథి గృహంలో ఉంచాం, పోటీ జరిగే చోటికి చివరిదాకా రానివ్వం. మా రంగం చిన్నది. కుట్టు చూసి ఇది ఫలానా కాలేజీ పని అని చెప్పగలిగే ముసలివాళ్లు ఉన్నారు. అందుకే వస్తువు మీద జట్టు పేరు ఉండదు, కోడ్ నంబరు చీటీ ఒక్కటే ఉంటుంది. పేరుగానీ, ముద్రగానీ, మరే గుర్తుగానీ కనిపిస్తే ఆ వస్తువును పోటీ నుంచి తీసేస్తాం. ఆ జట్టులోనివాళ్లు మళ్లీ మూడేళ్లదాకా మా పోటీల్లో పాల్గొనకూడదు. కఠినమే. కఠినంగా లేకపోతే ఏమవుతుందో అంతకుముందు చూసి ఉన్నాం కాబట్టే అలా రాసుకున్నాం.

ఇంకొక మాట ఉంది, ఫ్రీజ్. రెండో రోజు సాయంత్రం గంట కొట్టగానే అందరూ చేతులు తీసేయాలి. ఆ తర్వాత వేలాడే దారప్పోగును కత్తిరించినా తప్పే. వస్తువులన్నీ తాడు కట్టిన బల్ల మీదికి వచ్చి నా అధీనంలోకి వస్తాయి. దుమ్ము పడితే తుడవడానికి మాత్రం అనుమతి ఉంది, అదీ నా కళ్లెదుట.

నాలుగో నంబరు జట్టుకు నాయకురాలు హిమబిందు. మనుబోలు దగ్గర వరి పండించుకునే కుటుంబం. నెల్లూరులో ఒక కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతోంది. ఆ కాలేజీ నుంచి మా పోటీకి జట్టు రావడం అదే మొదలు. నెగ్గిన మొదటి మూడు జట్లకూ ఏడాదిపాటు మా కేంద్రం వర్క్‌షాపులో ఉండి, ఉపకార వేతనంతో తమ వస్తువును మెరుగుపరచుకునే అవకాశం ఇస్తాం. నగరాల్లోని పెద్ద సంస్థల పిల్లలకు అది ఉన్న ఆరేడు దారుల్లో ఇంకొకటి. హిమబిందుకు అదొక్కటే. ఇందులో రాకపోతే బ్యాంకు పరీక్షల కోచింగులో చేరతానని ఇంట్లో మాటిచ్చి వచ్చిందట. ఈ సంగతి ఆమె నాతో చెప్పలేదు. నియమాధికారితో పోటీదారులు సొంత విషయాలు మాట్లాడకూడదు. టీ దగ్గర ఆమె జట్టులోని అమ్మాయి ఎవరితోనో చెబుతుంటే నా చెవిన పడింది. చెవులకు మేము నియమావళి రాయలేదు.

వాళ్ల గంప చూడముచ్చటగా ఉంది. చుట్టూ బెత్తం చట్రం, దానికి తెల్ల టార్పాలిన్ సంచి, లోపల వలగుడ్డ అర. చేపలు వలలో ఉంటాయి, కరిగిన నీళ్లు అడుగున సంచిలోకి దిగుతాయి. అడుగున మడత కాళ్లు. గంపను నడుమెత్తున నిలబెట్టి, వంగి తల దూర్చి లేవచ్చు. టార్పాలిన్ తెల్లదే ఎందుకంటే, ఎండ పడితే ఐసు త్వరగా కరగకుండా.

పరీక్షకు ఊరివాళ్లే ముగ్గురు ఆడవాళ్లను పంపారు. వాళ్లకు పెద్ద పోలమ్మ. యాభై దాటి ఉంటుంది. మొదటిరోజు ఒక నగరం కుర్రాడు ఎదురుగా కూర్చుని, మీ అవసరాలేమిటో చెప్పండమ్మా అని భక్తిగా అడిగితే, "ముందర నువ్వన్నం తిన్నావా అబ్బయా, మొహం పీక్కుపోయుండాది" అంది. వాడు తన కాగితంలో ఏం రాసుకోవాలో తెలియక నా వైపు చూశాడు. పరీక్షకు రెండు రోజుల ముందు పోలమ్మ భర్త వేటకు వెళ్లాడు. వాళ్ల పడవ పరీక్ష రోజు పొద్దుటికి రావలసి ఉంది.

పరీక్ష పద్ధతి ఇది. ఆరు గంపల్లోనూ ఒకే బరువున్న ఇసుక సంచులు వేస్తాం. అందరికీ బరువు సమానంగా ఉండాలంటే ఇసుకే సులువు. షెల్టరు నుంచి రేవు పక్కగా ఆటోలు ఆగేచోటికి నడవాలి, ఆటో ఎక్కి దిగాలి, తిరిగి రావాలి. వెనకాల మా కేంద్రం ఉద్యోగి ఒకరు గడియారం పట్టుకుని నడుస్తాడు. చీటీలు తీస్తే నాలుగో నంబరు చివరన వచ్చింది. ఐదు గంపలూ వెళ్లివచ్చాయి. నాలుగోదాన్ని ఎత్తుకుని పోలమ్మ బయల్దేరింది.

ఆమె సరిగ్గా రేవు దగ్గరికి వచ్చేసరికి ఒక పడవ ఒడ్డుకొచ్చి వేలం పాట మొదలైంది. వేలం పాట వినపడితే ఆగకుండా వెళ్లే చేపలమ్మి ఆ తీరంలో ఉండదని మాకు తట్టలేదు. పోలమ్మ గంప దించి, ఇసుక సంచులు గట్టుమీద పారేసి, పాట పాడి, నెత్తళ్లనే చిన్న చేపలు కొని, వాటిని ఐసుతో సహా ఆ గంపలోనే వేయించుకుంది. మావాడు అడ్డం వెళ్లి, అమ్మా ఇది పరీక్ష అన్నాడట. "బోణీ బేరం పోతే నువ్విస్తావా?" అని అడిగిందట. మావాడు గడియారం పట్టుకుని మళ్లీ వెనకాలే నడిచాడు. ఆటోలో కూర్చున్న చెల్లెలి టబ్బులోకి చేపలు మార్చి, ఖాళీ గంపను భద్రంగా తెచ్చి తాడు అవతల, తన చోట పెట్టి వెళ్లి నీడన కూర్చుంది.

కాసేపటికి రెండో నంబరు జట్టు నాయకుడు శశాంక్ నా దగ్గరికి వచ్చాడు. పెద్ద నగరంలో పేరున్న సంస్థ విద్యార్థి. నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొంతు పెంచినవాడు కాడు. వచ్చి, నాలుగో నంబరు గంప మీద గుర్తు ఉంది సార్, అభ్యంతరం నమోదు చేయాలి అన్నాడు. పోటీల్లో అభ్యంతరం నోటితో చెబితే చెల్లదు, రాసివ్వాలి. రాసే తెచ్చాడు.

వెళ్లి చూశాను. తెల్ల టార్పాలిన్ ముందు భాగంలో అరచేతి వెడల్పున పసుపు పూసి, దాని మీద మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. రేవు గట్టున గంగమ్మ రాయి ఉంది. కొత్త వలకైనా కొత్త తెడ్డుకైనా ఆ రాయి దగ్గర పసుపూ కుంకుమా తీసి పెట్టి గానీ నీళ్లలోకి దించరు. పోలమ్మ గంపకూ అలాగే పెట్టింది. పసుపు తడి టార్పాలిన్‌లోకి ఇంకిపోయింది.

 హిమబిందు తప్పు ఇందులో ఆవగింజంత లేదు. కానీ శశాంక్ రాసింది కూడా తప్పు కాదు. నియమంలో 'మరే గుర్తుగానీ' అని ఉంది. ఎవరు పెట్టిన గుర్తు అని లేదు. అతని వాదన ఇంకొకటి కూడా ఉంది. ఆరింటిలో ఒక్కదానికే బొట్టు ఉంటే, వాడినవాళ్లకు నచ్చింది ఇదేనని జ్యూరీకి ముందే చెప్పినట్టు అవుతుంది కదా అన్నాడు. ఆ మాట న్యాయంగానే తోచింది. న్యాయంగా తోచినందుకు ఇంకా దిగులేసింది.

పోటీకి డబ్బు పెట్టిన సంస్థ తరఫున ఒక పరిశీలకుడు ఉన్నాడు. ఏ సమస్యనైనా మధ్యాహ్నం భోజనానికి ముందే తేల్చెయ్యాలన్న తొందర ఆయనది. దీనికింత చర్చెందుకు, తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది అన్నాడు. తుడవడానికి నియమం ఒప్పుకుంటుంది. మరక పూర్తిగా పోకపోయినా రంగు వెలిసిన మచ్చగా మిగులుతుంది, మచ్చను గుర్తు అనరు. నాకూ అదే దారి అనిపించింది. హిమబిందును పిలిచి, సంగతి చెప్పి, నా ఎదుటే తుడవమని గుడ్డ ఇచ్చాను. ఆ అమ్మాయి గుడ్డ తడుపుకుని తాడు దాటి వచ్చింది.

నీడన కూర్చున్న పోలమ్మ లేచి వచ్చింది. గట్టిగా ఏమీ అనలేదు.

"తుడవబాకమ్మా. మా ఇంటాయన నీళ్ల మీదుండాడు. నా చేత్తో పెట్టిన బొట్టు తుడిపిస్తారా?"

మిగతా ఇద్దరు ఆడవాళ్లూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. పరిశీలకుడు, ఇది గంపకమ్మా, మనిషికి కాదు అని వివరించబోయాడు. పోలమ్మ ఆయన వైపు చూడలేదు. హిమబిందు వైపే చూస్తోంది. మొగుడు సముద్రం మీద ఉన్న మనిషి ముందు కుంకుమ తుడవడం ఎలాంటిదో మనలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నాకు ఆ సంగతి ముందే తట్టవలసింది. నెల్లూరులో పుట్టి పెరిగినవాణ్ణి.

హిమబిందు ఆ గుడ్డను మడిచి బల్ల మీద పెట్టింది. "నేను తుడవను సార్. తీసేసేదైతే తీసేయండి" అంది.  ఆమె జట్టులోని ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కరూ ఎదురుచెప్పలేదు.

నాకు కోపం వచ్చింది. శశాంక్ మీదా, పోలమ్మ మీదా, నియమం రాసిన మా అందరి మీదా వచ్చింది. ఉద్యోగంలో కోపం వచ్చినప్పుడు నేను చేసే పని ఒకటుంది. నియమావళి మొదటి పుట నుంచి మళ్లీ చదువుతాను. ఇంట్లోవాళ్లు దీన్ని పారాయణం అని ఎగతాళి చేసేవాళ్లు. కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టాను. తీసేసే అధికారం నాకుంది. తీసేయకుండా జ్యూరీకి వివరణ రాసే అధికారమూ ఉంది, కానీ రాస్తే గోప్యత పోతుంది, మిగిలిన ఐదు జట్లకూ అన్యాయం. మధ్య దారి ఎక్కడా కనపడలేదు.

చదువుతూ చదువుతూ, అభ్యంతరం మీద విచారణ చేసేటప్పుడు పరీక్షించినవారి మాట కూడా నమోదు చేయాలన్న వాక్యం దగ్గర ఆగాను. ఆ పని ఇంకా చేయలేదు. పోలమ్మను పిలిచి కుర్చీ వేయించాను. శశాంక్‌నూ హిమబిందునూ ఎదురుగా కూర్చోబెట్టాను. జవాబు ఏమొస్తుందో నాకు తెలిసినట్టే ఉంది. ఇదే బాగుంది కాబట్టి దీనికే పెట్టాను అంటుంది. అలా అన్న క్షణాన హిమబిందు పని అయిపోయినట్టే. అయినా అడగక తప్పదు. ఈ ఆరింటిలో నీకు ఏది నచ్చింది పోలమ్మా, అన్నాను.

ఆమె ఆలోచించను కూడా లేదు. "ఆ నీలంది" అంది. నీలంది రెండో నంబరు. శశాంక్ వాళ్లది.

శశాంక్ తలెత్తాడు. మరి బొట్టు దీనికెందుకు పెట్టావని అడిగాను.

"చేప పడింది గదా సామీ. కొత్త గంపలో చేప పడినాక బొట్టు పెట్టకుండా ఎత్తకూడదు. మిగిలినాటికి మీరు ఇసక పోసినారు. ఇసకకి బొట్టెవురు పెడతారు?"

నాకు నవ్వొచ్చింది. ఆ పొద్దుట నవ్వడం అదే మొదటిసారి. ఆమె చెప్పిన దాంట్లో రెండు సంగతులు ఉన్నాయి. బొట్టు మెచ్చుకోలు కాదు, వాడకం మొదలైందనడానికి ఆనవాయితీ. రెండోది మా వృత్తికి సంబంధించింది. ఆరు గంపల్లో ఐదు ఇసుకతోనూ ఒకటి చేపలతోనూ నడిచాయి. అంటే పరీక్ష సమానంగా జరగలేదు. అలా జరగకపోతే ఏం చేయాలో మా నియమావళిలో స్పష్టంగా ఉంది: పరీక్షను రద్దుచేసి, అన్నింటికీ ఒకే పరిస్థితుల్లో మళ్లీ జరపాలి. ఏ పరిస్థితుల్లో అన్నది నియమాధికారి నిర్ణయం. చేపలతోనే జరుపుదామని నిర్ణయించాను. గంప చేపల కోసమని బ్రీఫులోనే ఉంది కదా. అందరికీ చేపలు పడితే అందరికీ బొట్టు పడుతుంది, అప్పుడు అది ఎవరి గుర్తూ కాదు.

శశాంక్‌ను అడిగాను, అన్నింటికీ ఉంటే అభ్యంతరం ఉంటుందా అని. ఉండదు సార్ అన్నాడు. ఆ మాటా రాయించుకున్నాను.  తడిగుడ్డ ఇంకా బల్ల మీదే ఉంటే, హిమబిందు దాన్ని తీసి కిటికీలో ఆరేసింది.

అంతా బాగానే ఉంది, చేపలేవీ? పొద్దుటి పడవలో సరుకు వేలంలోనే అయిపోయింది. అది కాక ఇంకో రెండు పడవలు రావాలి, ఒకదాంట్లో పోలమ్మ భర్త ఉన్నాడు. తూర్పు గాలి లేచింది. జ్యూరీ కావలిలో కారెక్కడానికి సిద్ధంగా ఉంది. ఫోన్ చేసి, సాంకేతిక కారణాల వల్ల కొంత ఆలస్యమని చెప్పాను. అవతలి పెద్దమనిషి ఏ సాంకేతిక కారణం అని అడిగాడు. అలల తీరు బాగాలేదని చెప్పలేక, పరీక్ష సామగ్రి ఇంకా అందలేదు అన్నాను. అబద్ధమేమీ కాదు.

అందరం రేవుకు పోయి నిలబడ్డాం. ఆరు జట్ల పిల్లలూ, ఆరు గంపలూ, మేమూ. పరిశీలకుడు గడియారం చూసుకుంటున్నాడు. వాళ్ల సంస్థ ఇచ్చిన సమయం దాటితే జ్యూరీ ఆరోజు రాదు, పోటీ ఫలితం లేకుండానే ముగుస్తుంది. అదే జరిగితే ఆ ఏడాది వర్క్‌షాపులో ఎవరికీ చోటుండదు. పోలమ్మ గట్టు మీద చేతులు కట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. హిమబిందు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.   పోటీ గురించి మొదలైన నా దిగులు కాసేపటికి ఆ పడవల గురించి అయింది. గాలి పెరుగుతున్నకొద్దీ గంపల సంగతి ఎవరికీ గుర్తులేదు.

మొదట ఒకటి, దాని వెనకాలే రెండోది కనిపించాయి. కనిపించగానే పోలమ్మ లేచి కొంగు నడుముకు దోపింది. "వచ్చినారులే" అంది, అంతే. నేను చేతిలోని కాగితాలు పక్కన పెట్టి అక్కడే ఇసుకలో కూర్చున్నాను. బరువు దిగడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

భర్త దిగి ఒడ్డుకొచ్చాక వాళ్లిద్దరూ ఆప్యాయంగా పలకరించుకుంటారని చూసిన నగరం పిల్లలకు నిరాశే మిగిలింది. "ఇంత పొద్దెక్కిందేంది?" అని ఆమె, "గాలి" అని ఆయన, అక్కడితో సరి. వేలం మొదలైంది. మొగుడి పడవైనా వేలం వేలమే. ఆ ముగ్గురు ఆడవాళ్లూ తాము రోజూ కొనే సరుకే పాడుకున్నారు, కవళ్లూ నెత్తళ్లూ. దాన్ని ఆరు భాగాలు చేసి, ఐసు సమానంగా వేసి, ఆరు గంపల్లో పోయించాం. నాలుగో నంబరుకు అంతకుముందే పెట్టి ఉంది కాబట్టి, మిగతా ఐదింటికీ పోలమ్మ గంగమ్మ రాయి దగ్గర నుంచి పసుపూ కుంకుమా తెచ్చి పెట్టింది. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే తీరులో ఉండేట్టు దగ్గరుండి చూసుకున్నాను. నా ఉద్యోగంలో కొలబద్ద పెట్టి బొట్లు పెట్టించడం అదొక్కసారే.

మళ్లీ నడిచారు. ఇసుక చెప్పని సంగతులు చేపలు చెప్పాయి. రెండో నంబరు నీలం గంపకు అడుగున నీళ్లు వదిలేందుకు చిన్న కుళాయి ఉంది. ఇసుకతో నడిచినప్పుడు నిక్షేపంగా ఉంది. ఇప్పుడు చేప పొలుసు అడ్డంపడి మూసుకుపోయింది, నీళ్లు పక్క కుట్టులోంచి కారాయి. శశాంక్ వంగి చూసి, పొలుసు గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒకటో నంబరు మూత ఐసు చెమ్మకు ఉబ్బి తెరుచుకోలేదు. నాలుగో నంబరులో చుక్క కారలేదు కానీ, బెత్తం చట్రం అడుగు అంచు చెవి పైన ఒత్తుకుపోయింది. పోలమ్మ దాన్ని దించి, "నీళ్లు కారవు గానీ చెవి తెగతాది మే" అని హిమబిందుతో అంది. నొచ్చుకోకుండా ఆ అమ్మాయి చట్రం ఎక్కడ ఒత్తుతోందో వేలితో తడిమి చూసుకుంది.

జ్యూరీ వచ్చింది. ముగ్గురూ బల్ల చుట్టూ తిరిగారు. వాళ్లలో పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ఈ పసుపూ కుంకుమా బ్రీఫులో భాగమా అని అడిగాడు. పరీక్షలో భాగం, అన్నింటికీ సమానంగా ఉంది అన్నాను. ఆయన తల ఊపి మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఫలితాలు చదివాను. చదివే పనీ నాదే. ఐదో నంబరుకు మొదటి స్థానం. దాన్ని చూడగానే బాగుందని ఎవరూ అనలేదు గానీ, చేపలతో నడిచినప్పుడు అందులో ఏ లోపమూ పైకి రాలేదు. ఆరో నంబరుకు రెండోది. మూడో స్థానం నాలుగో నంబరుకు. చట్రం మార్చుకోవాలన్న సూచనతో ఇచ్చారు. హిమబిందు లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచి నిలబడింది. మూడో స్థానం వచ్చినందుకు అంత ఊపిరి వదిలిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నా ఊపిరీ అందులో కలిసిందనే చెప్పాలి. నియమాధికారి మొహంలో అది కనపడకూడదు కాబట్టి కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నాను.

శశాంక్ జట్టుకు ఏమీ రాలేదు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, అభ్యంతరం పెట్టినందుకు ఏమీ అనుకోలేదు కదా సార్ అన్నాడు. నువ్వు పెట్టకపోతే ఇసుక పరీక్షతోనే బహుమతులు ఇచ్చేసేవాళ్లం, అప్పుడు మీదే మొదటిది అయి ఉండేదేమో అన్నాను. నిజానికి ఆ మాట అతనికి ఓదార్పు కాదు. కానీ అతను నవ్వి, అప్పుడు ఆ కుళాయి ఏ ఊళ్లోనో ఎవరి ఆటోలోనో మూసుకుపోయేది సార్ అన్నాడు. మంచి డిజైనర్ అవుతాడని అప్పుడే అనుకున్నాను. అయ్యాడు కూడా.

హిమబిందు ఏడాదిపాటు మా వర్క్‌షాపులో పనిచేసింది. బెత్తం తీసేసి, వెడల్పైన గుడ్డ చుట్ట కుదిర్చింది. టార్పాలిన్ తెలుపే ఉంచింది. ప్రయోగాత్మకంగా తయారుచేసిన గంపలను తీరమంతా వాడుకకు ఇచ్చినప్పుడు నేను రెండుసార్లు చూడటానికి వెళ్లాను. బొట్టు లేని గంప ఒక్కటీ కనపడలేదు.

ఆ పోటీ తర్వాత నియమావళిలో రెండు మార్పులు చేయించాను. గుర్తుల నియమంలో 'జట్టు సభ్యులు పెట్టిన' అన్న మాట చేర్చాం. పరీక్షలో వాడే బరువు, ఆ వస్తువు నిజంగా మోయబోయేదే అయి ఉండాలని రాశాం. రెండూ నేను విరమించే నాటికి అమల్లో ఉన్నాయి.

నేను నేర్చుకున్నది మాత్రం నియమావళిలో రాయదగింది కాదు. మూడు దశాబ్దాలు ఎన్నో అభ్యంతరాలు విన్నాను. ప్రతిసారీ మరక పడిన వస్తువు చుట్టూనే తిరిగాను, ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఎలా పోతుంది అని. ఆరోజు ఒక్క గంపకు బొట్టు ఉంటే లోపం ఆ గంపలో లేదు, బొట్టు లేని ఐదింటికి జరిగిన పరీక్షలో ఉంది. అప్పటినుంచీ ఎవరైనా ఇదొక్కటి వేరుగా ఉంది సార్ అని వస్తే, నేను ముందు మిగతావాటి దగ్గరికి వెళ్లి వాటికి అది ఎందుకు లేదో అడిగేవాణ్ణి.